రెండో కాగితానికి జవాబు మంచు పడ్డాక

జూలై 8, 1973
నది మలుపు ఇల్లు

బఫలో పట్నంలో నాలుగు కిటికీల మేడలో వెలిగిపోతున్న తమ్ముడు ఎజ్రాకి,

అక్క లవీనా చెప్తుంటే మన ఆర్లీన్ రాస్తున్న ఉత్తరం ఇది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, తిట్లతో సహా. హామిల్టన్‌లో ఆరేళ్ళు టైపు కొట్టిన పిల్ల. నా తిట్లకి అక్షరదోషాలు రానివ్వదులే, భయపడకు.

ఆర్లీన్ ఇక్కడేం చేస్తోందంటావా? స్ట్రాబెర్రీలు పండే వేళకి ఒక పెట్టె, మూడు నెలల కడుపు పట్టుకుని వచ్చింది. ఆ తెల్లమొగుడు ఆల్బెర్టాలో నూనె బావుల్లో పనుందని వెళ్ళాడు. పని దొరికిందో ఇంకేం దొరికిందో, ఇంతవరకూ ఉత్తరం ముక్క లేదు. నా కూతురు మిన్నీ ఈ ఇంట్లోనే పుట్టి ఈ ఇంట్లోనే పోయింది. దాని కూతురు దాని మంచం మీద పడుకుంది. ఇందులో వింతేముంది? కానీ మన కౌన్సిల్‌కి వింతగానే ఉంది. పోయిన మంగళవారం కౌన్సిల్ తరఫున విల్బర్ వచ్చి గుమ్మంలో నిలబడి నోటీసు చదివాడు. నాకు చదువు రాదని గొంతు పెంచి మరీ చదివాడు. చదువు రానివాళ్ళకి చెవుడు కూడా ఉంటుందని వాడికెవరు చెప్పారో.

నోటీసులో ఉన్నదేంటంటే, తెల్లవాణ్ణి పెళ్ళాడింది గనక ఆర్లీన్ ఇక మనలో మనిషి కాదట. ఒట్టావా సర్కారు చట్టం. అక్టోబరు ఆఖరులోగా మన ఆదివాసుల రిజర్వు భూమి వదిలి పోవాలట. "మరి నీ పెళ్ళాం డోరిస్ సంగతేంట్రా?" అన్నాను. డోరిస్ గ్వెల్ఫ్ పట్నం నుంచి వచ్చింది, జుట్టు మొక్కజొన్న పీచు రంగు. "డోరిస్ నన్ను పెళ్ళాడింది కదా పెద్దమ్మా, ఆవిడా మనలాగే ఇండియనే. కాగితం ఉంది," అన్నాడు. చూశావా ఎజ్రా, ఎంత మంచి చట్టమో! డోరిస్ మనదైంది, ఆర్లీన్ తెల్లదైంది. ఇంకా నయం, నేను సోమవారాలు డోరిస్‌తో టీ తాగుతాను, నన్నేం చేస్తారో అడగడం మరిచిపోయాను.

ఇప్పుడు నీతో పని. ఈ ఇల్లు అమ్మది, అమ్మమ్మది, ఇప్పుడు నాది. మనలో ఇల్లు ఆడదానిదే కదా. కానీ ముప్పై ఏళ్ళ కిందట ప్రభుత్వం ఏజెంటు వచ్చి, ఇంట్లో మీసమున్నవాడెవడు అని చూసి, కాగితం మీద నీ పేరు రాసుకుపోయాడు. ఇంటి యజమాని అభ్యంతరం లేదని సంతకం పెడితే ఆర్లీన్ సంగతి ఆలోచిస్తామన్నాడు విల్బర్. యజమాని! నేను నవ్వలేదు, నా పెట్టుడు పళ్ళు గ్లాసులో ఉన్నాయి. కాగితం ఇందులో పెట్టాను. సంతకం పెట్టి పంపు. బిడ్డ డిసెంబరులో పుడుతుంది. అది మన తాబేలు వంశపు బిడ్డ, తల్లి తాబేలు గనక. ఆ ముక్క మార్చే చట్టం ఒట్టావాలో ఇంకా పుట్టలేదు.

ఇకపోతే, ఈ నెల ఇరవై రెండున చర్చి ఆడవాళ్ళకి చెప్పాలి, మన పుట్టుక కథ పూర్తిగా రాయించి పంపమన్నావు. జూలైలో! మతి ఉందా? ఆ కథలు మంచు నేల మీద ఉన్నప్పుడే. వేసవిలో చెబితే పక్షులూ జంతువులూ పని మానేసి వింటూ కూర్చుంటాయి, చలికి గూళ్ళు కట్టుకోవడం మరిచిపోతాయి. చెప్పినవాడి పెదవి మీద కందిరీగ కుడుతుంది. ఇది అమ్మ నీకూ చెప్పింది, నీకు చెవులున్న రోజుల్లో.

కింద ఉన్నది నా గుర్తు, తాబేలు. బంగాళాదుంపలా ఉందంటోంది ఆర్లీన్. 

లవీనా


జూలై 24, 1973
బఫలో

అక్కా,

నీ ఉత్తరం అందింది. తిట్లలో నిజంగానే ఒక్క తప్పు లేదు.

నువ్వు కథ పంపకపోయినా గుర్తున్నంతవరకూ నేనే చెప్పాను. మాటిచ్చాను మరి, ఏం చెయ్యను? నలభై మంది ఆడవాళ్ళొచ్చారు, నిమ్మరసం ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. నీకు సంతోషం కలిగే సంగతి ఒకటుంది, దాచినా నువ్వు కనిపెడతావు గనక చెప్పేస్తున్నాను. కథ సగంలో ఉండగా కిటికీలోంచి కందిరీగ ఒకటి వచ్చి పై పెదవి మీద కుట్టింది. మిగతా సగం ముక్కుతో చెప్పాను. ఆవిడలు అది మన భాష యాస అనుకున్నారు. నవ్వుకో.

ఆ కథ రెండో కాగితంలో రాస్తున్నాను. విను. నేను చెప్పింది తప్పో ఒప్పో నువ్వే తేల్చు. చివరిదాకా వింటే నేనెందుకు ఇంకా సంతకం పెట్టలేదో నీకే తెలుస్తుంది.

[రెండో కాగితం]

అప్పటికి కింద అంతా నీళ్ళే. పైన ఆకాశంలో మనుషులుండేవారు. వాళ్ళ నడుమ వెలుగులు పూసే చెట్టు ఒకటి. దాని జోలికి వెళ్ళొద్దని అందరికీ తెలుసు. గర్భంతో ఉన్న ఒకావిడ దాని వేరు ముక్క కావాలని పట్టుపట్టింది. భర్త చెట్టు పెకలించాడు. కింద పెద్ద కన్నం పడింది. ఆవిడ వంగి చూసింది. అతను విసిగిపోయి తోసేశాడు. అలా ఆవిడ పడిపోయింది. ఉన్నచోట ఉండని ఆడది పడుతుందని దీని అర్థం, అన్నాను. ఆవిడలకి బాగా నచ్చింది. తమ పుస్తకంలోనూ ఇలాంటిదే ఉందని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

అక్కా, వాళ్ళకి నచ్చేలా ఎందుకు చెప్పానంటే, వాళ్ళ ఉప్పు తింటున్నాను. నాలుగు కిటికీల గది ఇప్పుడు లేదు. పోయిన అక్టోబరులో ఆ చర్చి కప్పు మీద పెంకులు వేస్తూ జారిపడ్డాను. తుంటి విరిగింది. నాలుగు నెలలు ఆసుపత్రి. గది పోయింది. చర్చి నేలమాళిగలో బాయిలరు పక్కన మంచం వేసి నన్ను ఉంచుకున్నారు. క్రిస్మస్ కార్డులో నీకు అబద్ధం రాశాను. నవంబరు ఆఖరుకి ఆ గది పిల్లల బడికి కావాలట. భార్య పోయింది, పిల్లల్లేరు. నాకున్నది ఆ ఇల్లొకటే, అదీ కాగితం మీద. రెండు గదులు. నువ్వు, ఆర్లీన్, పసిబిడ్డ. ఈ కుంటివాడు ఎక్కడ పడుకుంటాడు? అందుకే సంతకానికి చెయ్యి రాలేదు. రమ్మంటే వస్తాను. వద్దంటే అదీ చెప్పు. ఏదో ఒకటి రాయించు, అక్కా. అడగడం ఇంతకంటే నాకు చేతకాదు.

ఎజ్రా


ఆగస్టు 6, 1973

కందిరీగల చుట్టం ఎజ్రాకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను చాలా రోజుల తరవాత కడుపారా నవ్వాను. పెదవి సంగతి ఆర్లీన్ చేత మూడుసార్లు చదివించుకున్నాను. పక్కింటివాళ్ళకీ చదివి వినిపించమన్నాను. ఆ కందిరీగకి దణ్ణం పెట్టి పొగాకు సమర్పించాలనిపించింది.

నీ రెండో కాగితం సంగతి. దాన్ని మడిచి చిక్కుడు గింజల డబ్బాలో పెట్టమన్నాను. మంచు పడేదాకా అది అక్కడే ఉంటుంది. ఎందుకో నీకు వేరే చెప్పాలా? జూలై నెలలో అలాంటివి కాగితం మీద పెట్టడానికి నీకు సిగ్గుండాలి. అమ్మ ఉంటే చీపురు తిరగేసేది. నా జవాబు మంచు పడ్డాకే. అంతవరకూ ఆ ఊసు నాకు మళ్ళీ రాయకు.

సంతకం ఏదీ? నేను పంపిన కాగితం నువ్వు తిరిగి పంపలేదు. పెదవి వాచింది సరే, వేళ్ళు కూడా వాచాయా?

ఇక్కడ మొక్కజొన్న బాగా ఎదిగింది, చిక్కుడు తీగ దాని నడుము పట్టుకుని ఎక్కుతోంది, కింద గుమ్మడి కాలు చాపుకుని కూర్చుంది. మూడూ ఒకే గుంటలో ఉన్నాయి, ఒకదాన్నొకటి కాగితం అడగలేదు. ఆర్లీన్ రోజూ కలుపు తీస్తోంది. వంగొద్దంటే వినదు. విల్బర్ కారులో పోతూ చూసి, చెయ్యి ఊపాలా వద్దా అని తేల్చుకోలేక హారన్ కొట్టి పోతున్నాడు.

ఒక్క సంతకం. మీసమున్నవాడివి కదా, ఆ మాత్రం పనికి రా.

లవీనా


ఆగస్టు 30, 1973
బఫలో

అక్కకి,

నీ జవాబు బాగుంది. ఒక మనిషి పరువంతా విప్పి నీ ముందు పెడితే దాన్ని మడిచి చిక్కుడు గింజల్లో పెట్టావు. మంచు పడ్డాక చూద్దాం అన్నావు. ఆరు పదులు దాటిన తమ్ముడికి సిగ్గుండాలన్నావు. నిజమే, ఉంది. ఇప్పుడింకా ఎక్కువైంది.

మొన్న ఒట్టావాలో పెద్ద జడ్జిలు కూడా ఆ చట్టం సబబేనన్నారని రేడియోలో విన్నాను. ఇక నేను ఆలోచించేదేముంది? కౌన్సిల్‌కి రాశాను. ఆ ఇల్లు నాది, నవంబరు ఆఖరుకి వచ్చి ఉంటాను, దాన్ని నాకు ఖాళీగా అప్పగించండి అని. నిన్ను పొమ్మనలేదు. ఆర్లీన్‌నే. ఈ ముక్క ఆ పిల్లే నీకు చదివి వినిపించాలని తెలుసు. అందుకు బాధగానే ఉంది. నీకు చదువు రాకపోవడం నా తప్పు కాదు.

కథలు నేను మళ్ళీ చెప్పను. కానీ ఆ పుట్టుక కథ చివర్లో ఒక అమ్మమ్మ ఉండేదని నీకూ తెలుసు. కూతురు పోయిన దుఃఖంలో, ఇద్దరు మనవల్లో తప్పువాణ్ణే నమ్మి నెత్తిన పెట్టుకుంది. ఎవరు గుర్తొస్తున్నారో నేను చెప్పను. 

ఎజ్రా


సెప్టెంబరు 19, 1973

ఇంటి యజమాని గారికి,

నీ ఉత్తరం ఆర్లీన్ చదివింది. "ఆర్లీన్‌నే" అన్న చోట ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివింది. ఒక్క అక్షరం మింగలేదు. అమ్మమ్మ ముక్క కూడా చదివింది. అవును ఎజ్రా, ఆవిడ తప్పువాణ్ణి నమ్మింది. కూతుర్ని చేతులారా పాతిపెట్టింది కూడా ఆవిడే. నేనూ పెట్టాను. నువ్వు ఏ బిడ్డని పెట్టావు? సెప్టెంబరులో నాతో ఈ ముక్క ఎత్తించావు, మంచు పడకుండా కథ ఎత్తిన తప్పుకి పాములు నా పడకలోకొస్తే పట్టి పోస్టులో నీకే పంపిస్తాను.

సోమవారం కౌన్సిల్ పిలిచింది. వెళ్ళాను. బల్ల వెనక ఏడుగురు మగాళ్ళు, బల్ల మీద డోరిస్ చేసిన తీపి రొట్టె, యాపిల్ పై. విల్బర్ లేచి నీ ఉత్తరం గొంతు పెంచి చదివాడు.

"యజమాని ఒప్పుకోలేదు పెద్దమ్మా. మా చేతులు కట్టేసినట్టే."

"కట్టేసిన చేతులతో యాపిల్ పై బాగానే తింటున్నావురా," అన్నాను.

"చెప్పుకోడానికి ఏమన్నా ఉంటే చెప్పు. రాసుకుంటాం."

"ఉంది. కానీ ఇప్పుడు చెప్పేది కాదు. మంచు పడాలి."

ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో నలుగురు చర్చికి పోయేవాళ్ళే, అయినా ఒక్కడికీ నవ్వు రాలేదు. అమ్మల దగ్గర పెరిగినవాళ్ళే కదా.

"మంచు ఎప్పుడు పడుతుందో మినిట్స్ పుస్తకంలో ఎలా రాయమంటావు?" అన్నాడు విల్బర్.

"నాకు రాయడం రాదు. నువ్వే చదువుకున్నవాడివి."

చివరికి ఆర్లీన్ గడువు పొడిగించి, నవంబరు రెండో సోమవారం అని రాశారు. అప్పటికి మంచు పడకపోతే నా ఖర్మ. పడ్డా నీ ఉత్తరం అక్కడే ఉంటుందట. అది వెనక్కి తీసుకుంటే తప్ప వాళ్ళేం చెయ్యలేరట.

ఒక్క సంగతి నాకు అంతుబట్టడం లేదు. నీకక్కడ ఏం తక్కువైంది? వీధి వైపు నాలుగు కిటికీలు, కింద రొట్టెల కొట్టు, గోడకి వేడినీళ్ళ గొట్టం, అన్నీ క్రిస్మస్ కార్డులో నువ్వు రాసిన వైభోగాలే. వాటిని వదిలి బావి నీళ్ళు తోడుకునే ఈ కొంపకి వచ్చి ఏం చేస్తావు? నీ పాదాలకి మా గరుకు నేల గుచ్చుకోదూ? నిజంగానే అడుగుతున్నాను. చెప్పు.

లవీనా


అక్టోబరు 14, 1973
బఫలో

అక్కకి,

నాలుగు కిటికీలన్నావు. నా పాదాలు అన్నావు. నిజంగానే అడుగుతున్నాను అని కూడా అన్నావు. జీవితంలో నువ్వు నిజంగా అడిగింది ఏదో, వెక్కిరించింది ఏదో నాకెప్పుడూ తెలీలేదు. ఈసారి మాత్రం తెలిసింది. కుంటివాడి పాదాల మీద హాస్యం నీకే చెల్లింది.

ఇక నాకు రాయకు. నవంబరు ఇరవై నాలుగు, శనివారం బస్సుకి వస్తాను. ఎవరూ ఎదురురానక్కర్లేదు.

ఎజ్రా


నవంబరు 13, 1973

ఒరే ఎజ్రా,

రాయొద్దన్నావు. రాయిస్తున్నాను. కొట్టేదుంటే వచ్చాక కొట్టు.

గురువారం పొద్దున కళ్ళు తెరిచేసరికి కిటికీ తెల్లగా ఉంది. చీలమండ దాకా మంచు. ఆర్లీన్ పొయ్యి కూడా వెలిగించకుండా డబ్బా తెచ్చింది. సోమవారం కౌన్సిల్లో నువ్వు చెప్పిన కథని తుక్కుతుక్కు చెయ్యాలని నా పంతం. అందుకే ముందు నీ కాగితం వినాలన్నాను. అది చదవడం మొదలెట్టింది. చెట్టు, కన్నం, తోసెయ్యడం. నేను మధ్యలో తిడుతూనే ఉన్నాను. ఇక నీ అర్థం. ఇంకా తిట్టాను. ఆ తరవాత "వాళ్ళ ఉప్పు తింటున్నాను" అన్న దగ్గర ఆర్లీన్ ఆగి నా వైపు చూసింది. "అమ్మమ్మా, ఇక్కణ్ణుంచి కథ కాదు," అంది.

ఎజ్రా, మేం దాన్ని చదవలేదు. అర్థమవుతోందా? ఆగస్టులో "అప్పటికి కింద అంతా నీళ్ళే" అన్న ముక్క చెవిన పడగానే నేను చెయ్యెత్తి ఆపేశాను. వేసవి గనక. నీ తుంటి, నీ బాయిలరు, నీ అడగడం, అన్నీ ఆ మడతలో చిక్కుడు గింజల కింద మూడు నెలలు పడున్నాయి. నాకు తెలీదు. ఈ పిల్లకీ తెలీదు, నేను వద్దంటే చాటుగానైనా చూసే రకం కాదు. నేను సిగ్గుండాలన్నది కథకి. పాదాలన్నది నీ పట్నం జోళ్ళ గురించి. నిజంగానే అడిగాను. నా నోరు అలాంటిది, ఏం చెయ్యను, డెబ్బై రెండేళ్ళుగా ఇదొక్క నోరే ఉంది.

ఇంత బుద్ధి తక్కువవాడివి ఎలా అయ్యావురా? బతుకులో ఒక్కసారి నిజం రాయాలనిపించి, దాన్ని తీసుకెళ్ళి వేసవి కథ కింద దాచావా? తిట్లతో నిండిన నా ఉత్తరాలకి మొదటి ముక్కే "అక్కా, పడ్డాను" అని రాయలేవా? ఏడాది! ఏడాది పాటు నా తమ్ముడు ఆసుపత్రిలోనూ ఎవరిదో బాయిలరు పక్కనా పడుకుంటే, నేనిక్కడ వాడికి మీసం పొగరని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ రోజు సూపు దించలేదు. మొక్కజొన్న మాడి గిన్నెకి పట్టింది. ఆర్లీన్ ఇంకా తోముతూనే ఉంది.

సరే. సోమవారం కౌన్సిల్‌కి వెళ్ళాను. మంచు ఉంది, చెప్పాను. నీకూ చెప్తాను, సరైన కాలంలో ఒకసారి విను.

నీ చర్చి ఆవిడలు అడిగేది ఒకటే, ఆమె ఎలా పడింది? తోశారా, జారిందా, తనే దూకిందా? అమ్మ ఒకలా చెప్పేది, అమ్మమ్మ ఇంకోలా. నాకు తెలీదు. అది పైవాళ్ళ గొడవ. ఆ మొగుడు మళ్ళీ ఆ చెట్టు పాతుకున్నాడో, ఇంకో పెళ్ళి చేసుకున్నాడో, ఎవరన్నా ఎప్పుడన్నా అడిగారా? మనం కిందివాళ్ళం. మన కథ ఆమె పడుతూ ఉండగా మొదలవుతుంది.

అడవి బాతులు తలెత్తి చూశాయి. ఎవరో వస్తున్నారు, ఈత రానిది, కడుపుతో ఉన్నది. అవి కూడా కౌన్సిల్ కూడాయి విల్బర్, అన్నాను. కాకపోతే ఆమె నీళ్ళని తాకకముందే ముగించాయి. మీ కౌన్సిలైతే వాగుకి కట్టలు కట్టే బీవర్ ప్రతిపాదించేది, నీటిపిల్లి బలపరిచేది, ఆమె మునిగిపోయేది, మినిట్స్ ఆమోదించి అందరూ యాపిల్ పై తినేవారు. అవి అలా చెయ్యలేదు. ఎవరి పెళ్ళానివి, కాగితం ఏదీ అని అడగలేదు. ఎవరి వీపు పెద్దది అని అడిగాయి. తాబేలు నాదన్నది. బాతులు రెక్కకి రెక్క ఆనించి ఆమెను మోసుకొచ్చి దించాయి.

మరి కాలు పెట్టడానికి మట్టి? నీళ్ళ అడుగున ఉంది. బీవర్ మునిగింది, తేలేక తేలింది. నీటిపిల్లి మునిగింది, అదీ అంతే. చివరికి నీటి ఎలుక వెళ్తానంది. అందరూ నవ్వారు. చాలాసేపటికి శవమై తేలింది. గుప్పిట విప్పి చూస్తే చిటికెడు మట్టి. ఆ చిటికెడు మట్టిని తాబేలు వీపు మీద వేసి, ఆమె దాని చుట్టూ నడిచింది. నడిచిన కొద్దీ నేల పెరిగింది. పడేటప్పుడు పైన కన్నం అంచు పట్టుకోబోయి ఆమె గోళ్ళలో ఇరుక్కున్న విత్తనాలు అందులో పడ్డాయి. ఆ నేల మీదేరా నువ్వు నాకు నోటీసు చదివింది, అన్నాను. ఇక్కడ మొట్టమొదట అడుగు పెట్టిన ఆడది బయటి నుంచి వచ్చిందే. ఆమెను పట్టుకున్నందుకే మనం ఉన్నాం. దీని అర్థం ఇదే. ఇంకో అర్థం ఉంటే రాసుకో, నాకు చదవడం రాదు.

డోరిస్ టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "అయితే నన్నూ అలాగే పట్టుకున్నారన్నమాట," అంది, మెల్లగా.

"నిన్నూ అలాగే," అన్నాను. "నువ్వొచ్చిన రోజు నేను అడ్డు చెప్పానా?"

విల్బర్ తన కప్పు పక్కకి జరిపాడు. తరవాత, "పెద్దమ్మా, నాకైతే... కానీ ఎజ్రా మామ ఉత్తరం ఉంది కదా. అది ఉన్నంతవరకూ..." అన్నాడు. వచ్చే నెలకి వాయిదా వేశారు. వచ్చే నెలకి బిడ్డ పుడుతుంది.

ఉత్తరం వెనక్కి తీసుకొమ్మని నిన్ను అడగను. అడిగే మొహం నాకు లేదు. ఇన్నాళ్ళూ చర్చి కప్పు నుంచి పడ్డ మనిషిని పట్టుకోకుండా కాగితం ఏదీ అని అడుగుతూ కూర్చున్నదాన్ని నేను. కౌన్సిల్‌కి చెప్పిన కథ ముందు నాకు నేను చెప్పుకోవాల్సింది.

నువ్వు రా. వంటగదిలో పొయ్యి పక్కన మంచం వేశాం, మెట్లెక్కే పని లేదు. బిడ్డ ఏడుస్తుంది, నేను గురక పెడతాను, ఆర్లీన్ టైపు కొడుతుంది. ఇష్టముంటే నిద్రపో. కౌన్సిల్ ఆర్లీన్‌ని పొమ్మంటే నేనూ దాని వెంట పోతాను, ఇల్లు ఖాళీగా నీకు దక్కుతుంది, నాలుగు కిటికీలూ నువ్వే కొట్టించుకో. ఇదిగో, మళ్ళీ నా నోరు. ఇది వెక్కిరింత కాదు. అసలు కాదు. ఆర్లీన్, ఇది వెక్కిరింత కాదని రాయి.

(ఇది వెక్కిరింత కాదు తాతా. చెప్తూ కళ్ళు తుడుచుకుంటోంది. ఇది రాయొద్దంది. ఆర్లీన్.)

లవీనా


నవంబరు 18, 1973
బఫలో

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇంతవరకూ నువ్వు నాకు పంపిన వాటిలో తిట్లు తక్కువున్నది ఇదే. ఒంట్లో బాగానే ఉందా?

ఇందులో రెండు కాగితాలు పెట్టాను. ఒకటి జూలైలో నువ్వు పంపినది, సంతకం పెట్టాను. రెండోది కౌన్సిల్‌కి. ఆగస్టులో రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని, ఆ ఇల్లు నీ పేరు మీద రాయమని, నీ తరవాత ఆర్లీన్ పేరు మీద, ఆ తరవాత పుట్టేది ఆడపిల్లయితే ఆ పిల్ల పేరు మీద. అలా కుదరదని చట్టం చెప్తే చెప్పనీ. వాళ్ళు చదివి కుదరదనేలోగా పిల్ల నడుస్తుంది.

ఆర్లీన్‌కి: నీ చేత ఆ ముక్కలు చదివించాను. ఏమనాలో తెలీదు. వచ్చాక చెప్తాను. నీకు ఎలాగూ చదువు వచ్చు, నేను చెప్పలేకపోతే రాసి చూపిస్తాను.

ఇక్కడా శుక్రవారం మంచు పడింది. నేలమాళిగ కిటికీ సగం మూసుకుపోయింది. ఇవాళ ఆదివారం కదా, పొద్దున ఆ ఆవిడల్ని పిలిచి, జూలైలో తప్పు చెప్పాను, మళ్ళీ వినండి అన్నాను. కుర్చీలో కూర్చునే చెప్పాను, నిలబడలేను. అయ్యాక ఆ కళ్ళు తుడుచుకునే ఆవిడే అడిగింది, "ఇంతకీ ఆమెను తోశారా, తనే పడిందా?" అని. నాకు తెలీదన్నాను. మా అక్కకీ తెలీదన్నాను. ఆవిడకి కాస్త నిరాశే అయింది. వాళ్ళు మంచివాళ్ళు అక్కా, ఇన్నాళ్ళూ నాకు అన్నం పెట్టారు. నా దారిఖర్చులకి యాపిల్ పైలు చేసి అమ్ముతారట. డోరిస్‌కి చెప్పకు, పోటీ అనుకుంటుంది.

శనివారం నాలుగింటి బస్సు. ఎవరూ ఎదురురానక్కర్లేదని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను. రండి. ఆ బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి, కిందికి దిగేటప్పుడు తుంటి నిలవదు. ఇద్దరు పట్టుకోవాలి. ఆర్లీన్ వద్దు, తను ఇప్పటికే ఒకరిని మోస్తోంది. ఒక పక్క నువ్వు పట్టుకో. రెండో పక్కకి ఆ విల్బర్‌ని తీసుకురా.

ఎజ్రా